లోపల మైనస్

ఎక్స్‌టెన్షన్ బాక్సుకి ఆరు సాకెట్లు, అడాప్టర్లూ ఆరే, కాబట్టి లెక్క సరిపోతుందని ఎవరైనా అనుకుంటారు, ఎవరైనా అంటే జన్మలో ఒక్కసారి కూడా గిటారు ర్యాక్‌కి కరెంటు ఇవ్వనివాళ్ళు. యలమంద మోకాళ్ళ మీద కూర్చుని మొదటి అడాప్టరు గుచ్చాడు. అది పల్లెవెలుగు బస్సులో లావుపాటి ఆసామిలా తన సాకెట్లో కూర్చుని పక్కదాన్ని సగం మింగేసింది. రెండోదాన్ని తిరగేసి పెట్టబోతే వైరు పైకి లేచి ర్యాక్ తలుపుకి తగిలింది. ఆరు సాకెట్ల బాక్సులో మూడే పడతాయి. ఇది చేసినవాడికి తెలుసు, అమ్మినవాడికి తెలుసు, కొన్నవాడికి మాత్రం ప్రతిసారీ కొత్తగా తెలుస్తుంది. సాయంత్రం ఐదున్నర అయింది, ఏడింటికి రిసెప్షన్. ఒంగోలుకీ చీమకుర్తికీ మధ్య రోడ్డు పక్క ఊళ్ళో, మిరప కల్లం సగం ఊడ్చి స్టేజీ వేశారు. ఊడవని సగంలో కాయలింకా పరిచే ఉన్నాయి, గాలి అటునుంచి తిరిగినప్పుడల్లా స్టేజీ మీద ఎవరో ఒకరు తుమ్ముతున్నారు. పెళ్ళికూతురి తండ్రికి రాళ్ళ లారీలున్నాయి, ఆయన లారీలు ఆయన కూతురి పెళ్ళి అని కూడా చూడకుండా రోడ్డు మీద పోతూనే ఉన్నాయి, ఒక్కొక్కటి పోయినప్పుడల్లా స్టేజీ చెక్కలు వణికి ఇప్పుడే గుచ్చిన అడాప్టరు మళ్ళీ వదులవుతోంది. యలమంద దాన్ని బొటనవేలితో నొక్కిపెట్టి, ఇంకో చేత్తో మిగతా ఐదింటినీ దగ్గరికి లాక్కుని, వాటి వీపుల వైపు చూశాడు. ఆరింటికీ ఎర్రటి చుక్కలు. ఆరింటికీ ఒకే రకంగా. ఇందాకటి నుంచి ఇది నాలుగోసారి చూడటం, నాలుగుసార్లూ ఆరే.

చుక్కలుండాల్సింది మూడింటికి. నిన్న మధ్యాహ్నం తనే కూర్చుని పెట్టాడు. అడాప్టర్లన్నీ ఒకే కొట్లో కొన్నవి, నల్లటివి, అక్షరం ముక్క లేనివి, ఉన్న కాగితాలు కూడా వారానికే ఊడిపోయాయి. తొమ్మిది వోల్టులే అన్నీ, వైరు కొసన గొట్టంలాంటి పిన్ను కూడా అన్నిటికీ ఒకటే, ఏది ఎందులోనైనా దూరుతుంది. తాళంచెవి ఏ ఇంటికైనా పడుతుంది గానీ ఆ ఇంట్లోకి వెళ్ళాక ఏమవుతుందో వేరే సంగతి. ఎందుకంటే ఆ గొట్టానికి లోపలొకటి, బయటొకటి రెండు మొహాలు. లోకంలో మర్యాద తెలిసిన ప్రతి డబ్బాకీ లోపల ప్లస్సు, బయట మైనస్సు. వైఫై డబ్బా అంతే, టీవీ డబ్బా అంతే. గిటారు మోతకి రంగులద్దే డబ్బాలు కనిపెట్టిన మహానుభావుడికి మాత్రం ఏ పూట ఏం తిక్క పుట్టిందో, లోపల మైనస్ పెట్టాడు. పోనీ అన్నిటికీ అట్లా పెట్టాడా అంటే అదీ లేదు. యలమంద ర్యాక్‌లో ఎకో, కోరస్, డిస్టార్షన్ మూడూ పాతవి, లోపల మైనస్ కోరేవి. రివర్బూ, ట్యూనరూ, వైర్లెస్సూ తరవాత వచ్చినవి, లోపల ప్లస్ కోరేవి. ఒకదానిది ఇంకోదానికి తగిలిస్తే చిన్న వాసన వస్తుంది, వేయించిన వెల్లుల్లి మాడినట్టు, అంతే, ఆ డబ్బా ఇక మాట్లాడదు. పోయినేడాది ఫేజరు డబ్బా అట్లాగే పోయింది. అందుకే లోపల మైనస్ వాటికి మాత్రం ఎర్ర చుక్క పెట్టుకున్నాడు, ఇల్లంతా వెతికితే అమ్మ అలమరలో తిలకం సీసా దొరికింది, ఎండి అడుగంటి ఉంటే రెండు చుక్కలు నీళ్ళు పోసి ఊపాడు, పుల్లతో అద్దాడు, ఎంత తెలివైనవాణ్ణో అని మురిసిపోయాడు కూడా. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అన్నారా.

ఇందాక అమ్మకి ఫోన్ చేసి అడిగాడు. అడిగాడని తను అనుకుంటున్నాడు, పక్కన షామియానా తాళ్ళు లాగుతున్న ఇద్దరు పని ఆపి చూశారంటే అది అడగడం కాదనుకోవాలి. పొద్దున తను స్నానం చేస్తుంటే సామాను దగ్గరికి వచ్చావా అమ్మా అన్నాడు. వచ్చానంది సుబ్బరావమ్మ, తప్పేమీ లేనట్టు. అడాప్టర్లకి బొట్లు ఎవరు పెట్టమన్నారు అన్నాడు. ఆవిడ చాలా మామూలుగా చెప్పింది.

"నువ్వు మూడిటికే పెట్టి వదిలేశావుగదరా. మిగతా మూడూ బోసిగా ఉంటే చూళ్ళేక పెట్టాను."

చూళ్ళేకట. ఆ తరవాత తను ఏమన్నాడో అంతా గుర్తులేదు గానీ, నీకు తెలియని వాటిలో వేలు పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలి అన్నాడు, నా పొట్టకొట్టావు అన్నాడు, ఆ సీసా ఇంకా ఎందుకు దాచుకున్నావు పారేయక అని కూడా అన్నాడు, అన్నాక ఆవిడ అట్లాగేలే అంది, తను ఫోన్ పెట్టేశాడు. పొట్టకొట్టావు అనేది కొంచెం ఎక్కువైంది. ఎక్కువేమీ కాలేదు, ఉన్నమాటే. వినాయక చవితికి కీబోర్డు మీద పసుపు నీళ్ళు చిలకరించింది ఎవరు, రెండు మీటలు నెలరోజులు కిందకి దిగితే పైకి రాలేదు. స్పీకరు పెట్టెల మీద అప్పడాలు ఆరబెట్టింది ఎవరు. ఆవిడకి అన్ని సామాన్లూ ఒకటే, రోలూ ర్యాకూ ఒకటే, అన్నిటికీ నీళ్ళు చల్లి బొట్టు పెడితే పనిచేస్తాయి.

మాలిక్ భాయ్ స్టేజీ కింద నుంచి ఒకసారి తొంగిచూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. అనకపోవడమే భయం. ఆర్కెస్ట్రా ఆయనది, ఇరవై ఏళ్ళుగా నడుపుతున్నాడు, కోపం వస్తే అరిచేవాడు మొదట్లో, ఇప్పుడు అరవడం మానేసి మనుషుల్ని మానేస్తున్నాడు. పోయిన వారం దర్శి దగ్గర ప్రోగ్రాములో గిటారులోంచి రొద వచ్చింది, తేనెతుట్టె కదిలించినట్టు, పాట మొదట్నుంచి చివరిదాకా. పాడే పిల్ల మధ్యలో ఆగి చెవి మీద చెయ్యి పెట్టుకుని వెనక్కి తిరిగి చూసింది. తప్పు తనది కాదు, ఎనిమిది అవుట్‌పుట్ల పవర్ డబ్బా అని ఒకటుండేది, డబ్బాకొక దారి వేరువేరుగా ఇచ్చి అన్నిటినీ చల్లగా చూసేది, ఆ రోజు జనరేటరువాడు వోల్టేజీ ఎగదన్నితే అది పోయింది, పోతే ఒకే అడాప్టరుకి ఆరు తోకల వైరు తగిలించి, మూడు తోకలకి ప్లస్సూ మైనస్సూ తిరగేసి, అన్నిటికీ పంచాడు, పంచితే రొద రాక ఏం వస్తుంది, ఒకే విస్తట్లో ఆరుగురు తింటే మోచేతులు తగలవా. ఇదంతా మాలిక్ భాయ్‌కి చెప్పాడు. ఆయన శ్రద్ధగా విని, ఒక్కమాట చెప్పాడు. ఏసోబు కీబోర్డులో గిటారు మోత చాలా బాగుంటోంది యలమందా, దానికి ఒక్క వైరే. ఇంకోసారి రొద వస్తే నువ్వు ఇంటి దగ్గర రెస్టు తీసుకో అన్నాడు. రెస్టు. పదహారేళ్ళు వాయించినవాణ్ణి రెస్టు తీసుకోమనడం ఎంత మర్యాద.

అదిగో ఏసోబు ఇప్పుడు కూడా అదే చేస్తున్నాడు. కీబోర్డు ఆన్ చేసి, గిటారు మోత పెట్టి, యలమంద వాయించాల్సిన ముక్కనే వేలి కొసలతో వాయిస్తున్నాడు. మంచివాడే, కావాలని చేయడం లేదు, చేతులు ఊరికే ఉండలేవు వాడికి. కానీ ఆ మోత, ఆ నున్నటి మోత, తీగ మీద గోరు గీసుకోదు, వేలు జారదు, ఇస్త్రీ చేసినట్టు ఉంటుంది. జనానికి తెలుస్తుందా తేడా. తెలియదు. బిర్యానీ తింటూ వినేవాళ్ళకి రొద వస్తే తెలుస్తుంది, గిటారు లేకపోతే తెలియదు, ఇదీ పదహారేళ్ళ తన విద్యకి మిగిలిన గౌరవం. కిందటి నెల లక్ష్మీదుర్గ అననే అంది, పొద్దస్తమానం డబ్బాల ముందు కూర్చునే బదులు ఆ వాయించేదేదో వాయించవచ్చుగా అని. పెళ్ళాం మాట నిజమైనప్పుడు ఇంకా మంట. నిజమే, వాయించేది రోజుకి గంట, ఆ గంటకి కరెంటు ఇవ్వడం మూడు గంటలు, కరెంటు ఎందుకు రాలేదో తెలుసుకోవడం మిగతా రోజంతా. మొదట్లో ఒక గిటారు, ఒక వైరు ఉండేవి, వైరు ఆంప్‌లో పెడితే మోగేది. తరవాత ఎకో కావాలనిపించింది, ఎకో ఉంటే కోరస్ కావాలనిపించింది, మనిషి ఆశకి అంతేముంది, ఆరు డబ్బాలయ్యాయి, ఆరింటికీ ఆరు నోళ్ళు, ప్రతి నోటికీ వేరే రుచి.

సరే. ఏడుస్తూ కూర్చుంటే తెల్లారదు. ప్లస్సో మైనస్సో చూపించే మీటరు ఉంటే రెండు నిమిషాల పని. మీటరు ఉంది, అద్దంకిలో, ఇంట్లో, టీవీ పక్కన, చంకలో పిల్లాణ్ణి ఇంటి దగ్గర పెట్టి ఊరంతా వెతికినట్టు. షామియానా లైట్లవాణ్ణి అడిగాడు, వాడి దగ్గర టెస్టరు ఉంది, టెస్టరుతో ఈ సంగతి తేలదు. మరి ఎట్లా. ఆలోచించు. నీ చుక్కలు వేరు, ఆవిడ చుక్కలు వేరు. అవును, ఇంతసేపూ ఇది తట్టలేదేం. తను పుల్లతో అద్దాడు, గబగబా, ఒకటి పొడుగ్గా సాగింది, ఒకటి కారి కిందకి దిగింది, తన చెయ్యి బొట్లు పెట్టే చెయ్యి కాదు. ఆవిడ వేలితో పెట్టి ఉంటుంది. కాబట్టి వంకరగా ఉన్నవి తనవి, గుండ్రంగా ఉన్నవి ఆవిడవి. యలమంద సెల్‌ఫోన్ లైటు వేసి ఒక్కొక్కదాన్నీ ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూశాడు. మొదటిది గుండ్రం. రెండోది గుండ్రం. మూడోది గుండ్రమే గానీ దాని కింద, సరిగ్గా చూస్తే, పాత సాగిన చుక్క కొంచెం తుడిచిన జాడ. తుడిచి, మళ్ళీ పెట్టింది. తన వంకర చుక్కలు నచ్చక వాటిని కూడా సరిచేసింది మహాతల్లి. మిగతా వాటికి అట్లాంటి జాడ కూడా లేదు, శుభ్రంగా తడిబట్టతో తుడిచిందో ఏమో. ఆరూ ఒకే కొలత, ఒకే చోట, నడిమధ్యన, అంచులు చెదరకుండా. అద్దంలో చూడకుండా ముప్ఫై అయిదేళ్ళు పెట్టుకున్న చెయ్యి మరి, రోజూ పొద్దున్నే వంటింటి గుమ్మంలో నిలబడి, పొయ్యి మీద పాలు పొంగకుండా ఒక కన్ను అటు వేసి, ఉంగరం వేలు సీసా మూతలో ముంచి, ఠక్కున ఒక్క చుక్క. కొలిచి చూసినా వెంట్రుకవాసి అటూ ఇటూ అయ్యేది కాదు.

ఇంట్లో తిలకం వాడింది ఆవిడ ఒక్కతే. లక్ష్మీదుర్గవన్నీ స్టిక్కర్లు, అద్దం అంచున, బాత్‌రూము తలుపు మీద, ఒకసారి యలమంద చొక్కా జేబు మీద కూడా దొరికాయి. మరి ఆ సీసా అలమరలో ఎందుకుంది, రెండేళ్ళుగా అది ఎవరికి. నిన్న వెతుకుతున్నప్పుడు చీరల కింద దొరికింది, పక్కన తాళం గుత్తి, నాన్న కళ్ళజోడు. కళ్ళజోడు చూశాడు, సీసా తీసుకున్నాడు, ఏమీ అనుకోలేదు. అడాప్టర్ల గోలలో ఉన్నాడు. బోసిగా ఉంటే చూళ్ళేక పెట్టాను. ఆ మాట అంతకుముందు ఎక్కడో విన్నాడు, ఈ మధ్యే కాదు, అదే మాట, బోసి, ఆడగొంతు, పొద్దున్నే, ఇంకా తెల్లారకముందు. ఛ. ఇప్పుడదంతా ఎందుకు. ఆరు అవుతోంది.

నాన్న పోయిన పదోరోజు. పెద్దత్త అన్న మాట అది. పెరట్లో బావి దగ్గర అమ్మని కూర్చోబెట్టి, ముందర తలనిండా పూలు పెట్టి, చేతులనిండా గాజులు వేసి, ఎప్పుడూ లేనంత పెద్ద బొట్టు పెట్టి, తరవాత అన్నీ ఒక్కొక్కటిగా తీసేశారు. కొడుకు ఉండకూడదని కొందరు, ఉన్నా పరవాలేదని కొందరు అంటుంటే యలమంద ఆ గొడవ పడలేక వీధి వైపు వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం భోజనాలకి షామియానా, ఫ్యాన్లు, ఆ ఫ్యాన్లకి లైను లాగే పని ఉంది, ఎప్పుడూ ఏదో ఒకదానికి కరెంటు ఇచ్చే పని ఉంటుంది తనకి. వైరు పెరట్లోంచి తేవాల్సి వచ్చింది. తెస్తూ చూశాడు. పెద్దత్త తడిబట్టతో అమ్మ నుదురు తుడుస్తోంది, గట్టిగా, గిన్నె తోమినట్టు, తిలకం ఒక పట్టాన పోదుగా. తుడిచి, వెనక్కి జరిగి చూసి, ఇక ఈ బోసి మొహమే చూడాలా తల్లీ అని ఏడ్చింది. తుడిచిందీ ఆవిడే, ఏడ్చిందీ ఆవిడే. అమ్మ ఏడవలేదు. తల తిప్పి, వైరు చుట్ట భుజాన వేసుకుని నిలబడ్డ యలమంద వైపు చూసింది. ఏదో అడిగినట్టే చూసింది. వద్దని ఒక్కమాట అనొచ్చు. ఈ రోజుల్లో ఎవరు చేస్తున్నారు ఇవన్నీ, ఒంగోల్లో తన స్నేహితుడి తల్లికి చేయలేదు, వాళ్ళేం చెడిపోలేదు, నలుగురిలో గట్టిగా అంటే పెద్దత్త కూడా ఆగేదే. జనరేటరువాడితో గంట వాదించగలడు, మాలిక్ భాయ్‌తో వాదించగలడు, ఇవాళ ఫోన్లో అమ్మ మీద ఎంత గొంతు లేచింది. ఆ రోజు మాత్రం, లైను చూసుకోవాలి అని ఎవరూ అడక్కుండానే చెప్పి, వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి అమ్మతో మాట్లాడేటప్పుడు ఆవిడ భుజం వైపో, చెవి వైపో చూడటం అలవాటైంది. ఆ సంగతి అమ్మకి తెలుసు. ఇవాళే తనకి తెలిసింది.

మూడిటికి పెట్టి మూడిటిని బోసిగా వదిలేశాడు, ఆవిడ చూడలేకపోయింది. తనూ ఆ బోసి వాటిలాగే ఉన్నానని ఆవిడ అనుకుందో ఏమో. ఎవరూ చూడని ఆ పది నిమిషాలు, తను స్నానం చేస్తుంటే, దుర్గ పాలకి వెళ్తే, ఆ సీసా మూత తీసి, ఉంగరం వేలు ముంచి, ఒకదాని తరవాత ఒకటి. రెండేళ్ళ తరవాత ఆ వేలికి పని దొరికింది. మిగతా మూడిటితో ఆగలేక, కొడుకు పెట్టినవి కూడా తుడిచి మళ్ళీ పెట్టింది. తడి ఆరని ఆ వేలు ఒక్కసారైనా పైకి లేచిందో లేదో, లేచి మధ్యలో ఆగిందో, ఎవరికి తెలుసు. ఆ సీసా ఇంకా ఎందుకు దాచుకున్నావు పారేయక అన్నాడు తను. అనడానికి నోరెట్లా వచ్చింది.

ఆ సీసాలు నాన్న తెచ్చేవాడు. వెంకటనారాయణకి అద్దంకి బస్టాండు వెనక బ్యాటరీ కొట్టు ఉండేది, ట్రాక్టరు బ్యాటరీలు ఛార్జింగు పెట్టేవాడు, చొక్కాలన్నిటికీ యాసిడ్ చిల్లులు. అమ్మ మధ్యాహ్నం క్యారియరు తెస్తే ఎండకి చెమట పట్టి నుదుటి కుంకుమ ముక్కు దాకా జారేది. మీ అమ్మ బొట్టు కారిందంటే పన్నెండయిందిరా, గడియారం దండగ అని నవ్వేవాడు. ఒంగోలు వెళ్ళినప్పుడు చెమటకి కారనిదేదైనా ఇమ్మని అడిగి ఆ తిలకం తెచ్చాడు, అప్పట్నుంచి అదే. ఆ కొట్లో యలమంద బడి ఎగ్గొట్టి కూర్చునేవాడు. బ్యాటరీల మీద ప్లస్సూ మైనస్సూ గుర్తులు యాసిడ్ తినేసి ఉండేవి, ఎవరి బ్యాటరీకి ఏది ఏదో తెలిసేది కాదు, మీటరు నాన్న దగ్గర కూడా లేదు, ఆయన గ్లాసుడు నీళ్ళు తీసుకుని, గుప్పెడు ఉప్పు వేసి, రెండు తీగలు అందులో ముంచి...

యలమంద లేచి నిలబడ్డాడు. ఇంతసేపూ ఇది తట్టకుండా ఏం తిని బతికాడు. రెండు తీగలు ముంచేవాడు, ఒకదాని చుట్టూ బుడగలు బుసబుసా వచ్చేవి, రెండోది గుట్టుగా ఉండేది. బుడగలు కక్కేది మైనస్సురా, మైనస్సు కడుపులో ఏదీ దాచుకోలేదు అనేవాడు. యలమంద వంటల దగ్గరికి పరిగెత్తి ఒక గాజుగ్లాసు నీళ్ళు, ఉప్పు అడిగితే, వంటమేస్త్రి వడదెబ్బా అని చక్కెర కూడా వెయ్యబోయాడు. షామియానా లైట్లవాణ్ణి రెండు మూరల వైరు అడిగి పళ్ళతో తోలు ఒలిచాడు. ఒక తీగ అడాప్టరు గొట్టం లోపల, ఒక తీగ బయట చుట్టి, రెండో కొసలు రెండూ నీళ్ళలో, ఒకదానికొకటి తగలకుండా. ఏసోబు వాయించడం ఆపి వచ్చి పక్కన కూర్చున్నాడు. స్విచ్ వేశాడు. లోపలి తీగ ఊరుకుంది, బయటి తీగ చుట్టూ సోడా మూత తీసినట్టు తెల్లగా బుడగలు. లోపల ప్లస్సు. ఇది వైర్లెస్సుది కావచ్చు. రెండోది పెట్టాడు, లోపలి తీగ పొంగింది. లోపల మైనస్. నవ్వొచ్చింది యలమందకి, కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి, మిరప ఘాటు అనుకున్నాడు, అనుకోనీ. ఆరు నిమిషాల్లో మూడు ఇటు, మూడు అటు తేలాయి.

ఏసోబు జేబులోంచి రుమాలు తీసి గ్లాసులో తడిపాడు. మంచివాడు, సాయం చేసే గుణం. లోపల ప్లస్ ఉన్న అవతలి మూడూ దగ్గరికి లాక్కుని, వీటికి తుడిచేస్తే గొడవ వదులుద్దన్నా, మళ్ళీ కలిసిపోతాయి లేకపోతే అని రుమాలు ఎత్తాడు.

"తుడవొద్దు," అన్నాడు యలమంద.

మెల్లగానే అన్నాడు. అయినా ఏసోబు చెయ్యి గాల్లో అట్లాగే ఆగింది. తుడవొద్దురా, ఉండనీ అని మళ్ళీ చెప్పి, ఆ మూడిటినీ వాడి చేతిలోంచి తీసుకున్నాడు. రెండేళ్ళు ఆలస్యంగా వచ్చిన మాట, పైగా వినాల్సిన మనిషి ఇక్కడ లేదు, పెరట్లో బావి లేదు, పెద్దత్త లేదు, ముగ్గురు నల్లటి అడాప్టర్లు తప్ప వినేవాళ్ళు లేరు. మరి గుర్తెట్లా పెట్టేది. నల్ల టేపు చుడితే నల్లదాని మీద కనపడదు. యలమంద స్టేజీ దిగి కల్లంలోకి వెళ్ళి మూడు ఎండు మిరపకాయలు ఏరుకొచ్చాడు, తొడిమలు ఉన్నవి చూసి, లోపల మైనస్ వాటికి తలా ఒకటి టేపు వేసి అంటించాడు. బొట్టు అందరికీ, మిరపకాయ మాత్రం మంట పుట్టించేవాళ్ళకి. మాలిక్ భాయ్ వచ్చి చూసి, దిష్టికా అన్నాడు. దిష్టికే అన్నాడు యలమంద. అయితే నాకూ ఒకటి పెట్టు అని ఆయన మొదటిసారి నవ్వాడు, నవ్వి తుమ్మాడు.

ఎక్స్‌టెన్షన్ బాక్సుకి ఇంకో బాక్సు తగిలించి, అడాప్టర్లు ఒకదాన్నొకటి తొక్కకుండా ఎడంగా గుచ్చాడు. ఎకోకి మిరపకాయది, రివర్బుకి వట్టిది, ఒక్కొక్కటీ రెండుసార్లు చూసుకుని. మెయిన్ స్విచ్ వేసేటప్పుడు ముక్కు ముందుకి పెట్టాడు, వెల్లుల్లి వాసన కోసం. రాలేదు. ఆరు డబ్బాల్లో ఆరు దీపాలు వెలిగాయి. గిటారు తగిలించి, వాల్యూం పూర్తిగా పెంచి, తీగల మీద అరచెయ్యి ఆనించి విన్నాడు. ఏమీ లేదు. తేనెతుట్టె లేదు, గుంయ్‌మనడం లేదు. ఒక తీగ మీటితే అది మోగి, ఎకోలో మూడుసార్లు పలికి, కల్లం అవతల ఆరేసిన కాయల మీదుగా పోయి ఆగింది. ఏసోబు కీబోర్డులో గిటారు మోత తీసేసి వయొలిన్ పెట్టుకున్నాడు. ఆరూ నలభై అయింది. యలమంద ఫోన్ తీసుకుని స్టేజీ వెనక్కి వెళ్ళాడు.

సుబ్బరావమ్మ రెండో రింగుకే ఎత్తి, ఏరా, ఏమైనా కాలిందా అని అడిగింది. కాలలేదని చెప్పాడు, అన్నీ పలుకుతున్నాయని, నాన్న ఉప్పునీళ్ళతో చూశానని చెప్పాడు. ఆవిడ ఊఁ అంది. ఆ సీసా జాగ్రత్తగా పెట్టమ్మా అన్నాడు.

"ఇంకెక్కడి సీసారా. నువ్వన్నాక పారేశాగా, కాలవలో."

మామూలుగానే అంది, చెత్త ఊడ్చానన్నట్టు. నాన్న తెచ్చిన ఆఖరి సీసా. తన మాట వేడి ఇంకా ఆరకముందే పారేయించాడు, తుడవాల్సింది ఏదైనా మిగిలి ఉంటే అది ఇవాళ తనే తుడిచాడు, పెద్దత్త ఎంత నయం. రోడ్డు మీద లారీ పోయింది, చెక్కలు వణికాయి, లోపల ఎవరో మైకులో హలో హలో అంటున్నారు.

"రేపు వచ్చేటప్పుడు కొత్తది తెస్తాను," అన్నాడు.

"డబ్బాలకేగా, ఇంకెందుకు, ఆ మిరపకాయలేవో పెట్టావంటగా."

మిరపకాయల సంగతి తను చెప్పనే లేదు. స్విచ్ వెయ్యకముందే ఏసోబు ఫోన్ చేసి చెప్పాడన్నమాట, వాడికి ఏదీ కడుపులో ఆగదు. యలమంద కళ్ళు మూసుకున్నాడు. మూసుకుంటే అమ్మ మొహం కనపడింది, భుజం కాదు, చెవి కాదు.

"డబ్బాలకి కాదమ్మా. నీకు."

అవతల చప్పుడు లేదు. లైను తెగిందేమోనని చూశాడు, అంకెలు నడుస్తూనే ఉన్నాయి. పదహారేళ్ళుగా రొద లేని నిశ్శబ్దం కోసం అన్ని వైర్లూ వెతికినవాడు, ఇప్పుడు దొరికిన ఈ నిశ్శబ్దంలో ఊపిరైనా వినపడితే చాలని ఫోన్ చెవికి అదిమిపెట్టుకున్నాడు. మాలిక్ భాయ్ పరదా పక్కనుంచి చెయ్యి ఊపుతున్నాడు, టైమైంది. ఒక్క నిమిషం అని వేలు చూపించాడు. చాలాసేపటికి సుబ్బరావమ్మ గొంతు సవరించుకుంది.

"తెస్తే ఎర్రది తేరా," అంది. "మెరూను నాకు నప్పదు."